ఇంటి పొయ్యి మీద ఖారా బిస్కెట్లు



ఈ పూట మన ముచ్చట బిస్కెట్ల గురించి. తీపి బిస్కెట్లు కావు, కారం బిస్కెట్లు. కోలారు, చిక్కబళ్ళాపురం, పావగడ, బళ్ళారి వైపు శ్రోతలకు ఇవి 'ఖారా బిస్కెట్లు'గా బాగా పరిచయం. పచ్చిమిర్చి, కరివేపాకు, కొత్తిమీర ముక్కలు పైకి కనబడుతూ, ఉప్పగా, వెనకాల కాస్త తియ్యగా, పంటి కింద పడగానే పొడిపొడిగా రాలిపోతాయి. బరంపురం, రాయగడ, షోలాపూర్, సిరొంచ, యానాం వైపు వారికి ఈ పేరు కొత్తగా ఉండవచ్చు. కానీ టీలోకి ఒక ఉప్పు బిస్కెట్టో, వాము బిస్కెట్టో తెలియని ఇల్లు ఉండదు కదా.

'వీధి చివర బేకరీ ఉండగా ఇంట్లో ఈ శ్రమ ఎందుకండీ?' అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దానికి నా దగ్గర మూడు జవాబులున్నాయి. ఒకటి, అందులో ఏం పడుతోందో మన కళ్ళకు కనబడుతుంది. రెండు, గంటన్నర పనితో నలభై బిస్కెట్లు వస్తాయి, వారం రోజులు సాయంత్రాలకు సరిపోతాయి. మూడోది మన ఇంటి భాషకు సంబంధించింది. దాని దగ్గరికి బిస్కెట్లు పొయ్యి మీద ఉన్నప్పుడు వద్దాం. అప్పుడైతే తీరికగా ఉంటాం.

ముందు ఈ బిస్కెట్టు పుట్టుపూర్వోత్తరాలు రెండు ముక్కల్లో. బిస్కెట్టు అన్న మాటకు లాటిన్ మూలంలో 'రెండుసార్లు కాల్చినది' అని అర్థం. ఒకసారి కాల్చి, తడి పూర్తిగా పోవడానికి మళ్ళీ కాల్చేవారు. తడి లేకపోతే బూజు పట్టదు, ఓడ ప్రయాణాల్లో నెలల తరబడి నిలవ ఉంటుంది. ఇంగ్లీషువారితో పాటు మన దేశానికి వచ్చిన ఈ వంట, ఇక్కడికి వచ్చాక ఊరూరి రుచికి తగ్గట్టు మారింది. హైదరాబాదులో ఉస్మానియా బిస్కెట్టుగా తీపి, ఉప్పు కలుపుకుంది. బెంగళూరులో, హాసన్ ప్రాంతం నుంచి వచ్చిన అయ్యంగార్ కుటుంబాల బేకరీల్లో కోడిగుడ్డు వదిలేసి, మన పోపుల డబ్బా పక్కనుండే కరివేపాకునూ పచ్చిమిర్చినీ కలుపుకుంది. ఆ బేకరీలే క్రమంగా కర్ణాటక అంతా విస్తరించి, సరిహద్దు ఊళ్ళ బస్టాండుల దాకా వచ్చాయి.

బిస్కెట్టు పరాయిదైనా, దాని కిటుకు మనకు పరాయిది కాదు. పండక్కి చెక్కలు చేస్తాం. మా వైపు వాటినే నిప్పట్లంటాం, తమిళనాడు వైపు తట్టై అంటారు. బియ్యప్పిండిలో కాచిన నూనో వెన్నో పోసి ముందు పొడిపిండికి బాగా పట్టిస్తాం, ఆ తర్వాతే నీళ్ళు చల్లుతాం. ఎందుకు? గుల్లగా రావడానికి. ఖారా బిస్కెట్టులో రహస్యం కూడా అదే.

నేను బడిలో సైన్సు చెప్పే మనిషిని కాబట్టి దాని కారణం కూడా చెబుతాను. మైదాలో ఉండే మాంసకృత్తులకు నీళ్ళు తగిలి, చేతి ఒత్తిడి పడితే అవి సాగే దారాల్లా అల్లుకుంటాయి. దాన్ని గ్లూటెన్ అంటారు. బొబ్బట్ల పిండి రబ్బరులా సాగేది దానివల్లే. బొబ్బట్టుకు సాగుడు కావాలి, బిస్కెట్టుకు వద్దు. అందుకని నీళ్ళు తగలకముందే పిండి రేణువుల చుట్టూ వెన్న పూత పూస్తాం. పూత పడ్డ రేణువుకు తడి తొందరగా చేరదు. దారాలు పొట్టిపొట్టిగానే తెగిపోతాయి. అందుకే బిస్కెట్టు కొరికితే సాగకుండా రాలుతుంది. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే కొలత కాస్త అటూ ఇటూ అయినా వంట చెడదు.

ఇప్పుడు కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. కొలతలు చెబుతున్నాను.

మైదా 250 గ్రాములు, అంటే మామూలు కప్పుతో సుమారు రెండు కప్పులు. ఉప్పు లేని వెన్న 110 గ్రాములు. పంచదార పొడి రెండు చిన్న చెంచాలు. ఉప్పు ఒక చిన్న చెంచా, తలగొట్టి. బేకింగ్ పౌడరు ఒక చిన్న చెంచా, అదీ తలగొట్టే. కమ్మటి పెరుగు నాలుగైదు పెద్ద చెంచాలు. పచ్చిమిర్చి మూడు, కరివేపాకు రెండు రెబ్బలు, కొత్తిమీర గుప్పెడు, జీలకర్ర అర చెంచా. పిల్లలు చిన్నవాళ్ళయితే మిర్చి ఒకటి చాలు.

మరోసారి చెబుతున్నాను, రాసుకోండి. మైదా 250, వెన్న 110 గ్రాములు. పంచదార పొడి రెండు చెంచాలు. ఉప్పు, బేకింగ్ పౌడరు ఒక్కొక్క చెంచా. పెరుగు నాలుగైదు పెద్ద చెంచాలు. మిగతావి మిర్చి, కరివేపాకు, కొత్తిమీర, జీలకర్ర.

ఇంట్లో చిలికిన వెన్న వాడేవారు దాన్ని చల్లటి నీళ్ళలో రెండుసార్లు కడిగి, మజ్జిగ పోయేదాకా చేత్తో అదిమి నీళ్ళు పిండేయండి. వెన్నలో నీళ్ళు మిగిలితే, ఇందాక చెప్పుకున్న పూత సరిగ్గా పడదు. వనస్పతి మాత్రం వద్దంటాను. అందులో ఉండే ట్రాన్స్ కొవ్వు గుండెకు చెరుపు చేస్తుంది. నూనెల్లో, వనస్పతిలో అది నూటికి 2 పాళ్ళు మించకూడదని మన దేశంలో 2022 జనవరి నుంచి నిబంధన ఉంది. అయినా ఇంట్లో మన చేత్తో మనం చేసుకునేటప్పుడు వెన్న ఉండగా దాని జోలికి పోవడం ఎందుకు?

బేకింగ్ పౌడరు గురించి ఒక చిన్న కథ. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ నగరంలో ఆల్ఫ్రెడ్ బర్డ్ అని ఒక మందుల వ్యాపారి ఉండేవాడు. ఆయన భార్యకు ఈస్టు పడేది కాదు. ఈస్టు లేకుండా రొట్టె పొంగించే ఉపాయం కోసం వెతికి, 1843లో ఒక బేకింగ్ పౌడరు తయారు చేశాడు. అందులో వంట సోడా, పుల్లటి లవణం పొడిగా కలిసి ఉంటాయి. తడి తగలగానే రెండూ కలిసి బొగ్గుపులుసు వాయువును వదులుతాయి. ఆ బుడగలే పిండిని లోపలినుంచి పైకి లేపుతాయి. ఇంట్లో ఒక మనిషి నోటికి రుచిగా పెట్టాలన్న తాపత్రయంలో పుట్టిన పొడి అది.

ఇక పని మొదలుపెడదాం. కరివేపాకు, కొత్తిమీర, మిర్చి కడిగి, పొడిగుడ్డతో తడి పూర్తిగా ఒత్తేసి, సన్నగా తరిగి పక్కన పెట్టండి. మైదా, ఉప్పు, బేకింగ్ పౌడరు కలిపి రెండుసార్లు జల్లించండి. పంచదార పొడి, జీలకర్ర చేర్చండి. అందులో చల్లటి వెన్న చిన్న ముక్కలుగా వేసి వేళ్ళ కొసలతో చిదమండి. అరచెయ్యి వాడవద్దు, అరచేతి వేడికి వెన్న కరిగిపోతుంది. వెన్న సుమారు 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరుగుతుంది. బళ్ళారి, రాయచూరు ఎండాకాలంలో వంటిల్లు అంతకన్నా వేడిగానే ఉంటుంది. ఆ రోజుల్లో తెల్లవారుజామున చేసుకోండి.

చిదమగా చిదమగా పిండి బొంబాయి రవ్వలా అవుతుంది. అప్పుడు గుప్పిట్లో పట్టి నొక్కితే ముద్ద కట్టాలి, వేలితో తాకితే విడిపోవాలి. చెక్కల పిండికి మీ అమ్మగారు చూసే పరీక్ష ఇదే. ఇప్పుడు తరిగినవి కలిపి, పెరుగు ఒక్కొక్క చెంచా వేస్తూ పిండిని దగ్గరికి తీయండి. చపాతీ పిండిలా పిసకకూడదు, మర్దించకూడదు. పిసికితే మళ్ళీ ఆ దారాలు అల్లుకుంటాయి. పిండి ఒక్క ముద్దగా చేరగానే చెయ్యి తీసేయండి. తడిగుడ్డ కప్పి ఇరవై నిమిషాలు పక్కన ఉంచండి. గంటల తరబడి మాత్రం ఉంచవద్దు, బుడగలన్నీ ముందే తేలిపోతాయి.

తర్వాత ముద్దను రెండు భాగాలు చేసి, అప్పడాల కర్రతో పావు అంగుళం కన్నా కొంచెం పల్చగా ఒత్తండి. రెండు అంగుళాల వెడల్పున్న మూతతో గుండ్రంగా కోయండి. అంచుల్లో మిగిలిన పిండిని నెమ్మదిగా చేర్చి మళ్ళీ ఒత్తుకోవచ్చు. ప్రతి బిస్కెట్టుకూ ఫోర్కుతో మూడు నాలుగు పొడుపులు పొడవండి. ఆ చిల్లులు సోకు కోసం కాదు. లోపలి ఆవిరి వాటిలోంచి పోతుంది. లేకపోతే బిస్కెట్టు పూరీలా ఉబ్బుతుంది.

కరెంటు ఓవెన్ ఉన్నవారు 175 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ముందుగా వేడి చేసుకుని, 18 నుంచి 22 నిమిషాలు కాల్చండి. లేనివారు దిగులు పడనక్కర్లేదు. మందపాటి అడుగున్న పాత గిన్నెలో అంగుళం మందాన శుభ్రమైన పొడి ఇసుకో, రాతి ఉప్పో పరవండి. దానిమీద చిన్న స్టాండు పెట్టి, బరువైన మూత వేసి, మధ్యరకం మంట మీద పావుగంట వేడి చేయండి. ఆ తర్వాత బిస్కెట్లు పేర్చిన పళ్ళేన్ని స్టాండు మీద ఉంచి, మూత వేసి, సన్నని సెగ మీద 25 నుంచి 30 నిమిషాలు కాల్చండి. ఇక్కడ వేడి కిందినుంచే ఎక్కువగా వస్తుంది కాబట్టి పైన తెల్లగా ఉంటాయి. చివరి అయిదు నిమిషాలకు ఒకసారి తిరగేయండి. నాన్‌స్టిక్ గిన్నెను ఇలా ఖాళీగా వేడి చేయకూడదు. కుక్కరు వాడేవారు లోపలి రబ్బరు, పైన విజిల్ రెండూ తప్పకుండా తీసేయాలి. మూత ఎత్తేటప్పుడు చిన్నపిల్లలు పొయ్యి దగ్గర ఉండకుండా చూసుకోండి. ఇసుక చల్లారడానికి చాలాసేపు పడుతుంది.

బిస్కెట్లు పొయ్యి మీద ఉన్నాయి కాబట్టి, ఇందాక చెబుతానన్న మూడో జవాబు ఇప్పుడు చెప్పుకుందాం.

మన పిల్లల్లో చాలామంది కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో, ఇంగ్లీషులోనో చదువుకుంటున్నారు. అది మంచిదే. ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరి భాష రావాలి. నేనూ బడిలో కన్నడంలోనే పాఠం చెబుతాను. రాష్ట్రాల సరిహద్దు గీతలు 1953లోనూ 1956లోనూ గీశారు, మన ఇళ్ళు అంతకుముందు నుంచీ ఇక్కడే ఉన్నాయి. బడిలో తెలుగు లేనిచోట పిల్లలకు తెలుగు నేర్పే బడి ఇల్లొక్కటే. కానీ ఇంట్లో కూడా మనం పిల్లలతో ఏం మాట్లాడుతున్నాం? 'తిన్నావా, రాశావా, పడుకో'. రోజూ ఆ నాలుగు మాటలే. మాటలు పెరగాలంటే మాట్లాడుకోవడానికి ఒక పని ఉండాలి.

ఇందాకటి నుంచీ నేను వాడిన మాటలు ఒక్కసారి గుర్తు చేసుకోండి. జల్లించడం, చిదమడం, అదమడం, పిసకడం, మర్దించడం, ఒత్తడం, పొడవడం. చెయ్యి కదిలే ప్రతి తీరుకూ మనకొక మాట ఉంది. చిదమడానికీ పిసకడానికీ తేడా పుస్తకం చూపించలేదు. పిండిలో వేళ్ళు పెట్టిన పిల్లవాడికి ఒక్క నిమిషంలో తెలుస్తుంది. 'చిదుమునాన్నా, పిసక్కు' అని మీరు ఒక్కసారి అంటే, ఆ రెండు మాటలూ వాడికి జన్మలో మరుపు రావు. గుల్లగా, కరకరగా, మెత్తగా, జారుగా, గట్టిగా అన్న మాటలు కూడా అంతే. అవి వేళ్ళతోనూ పళ్ళతోనూ నేర్చుకోవలసిన మాటలు.

బడి భాషను కూడా వంటింట్లోకి రానివ్వండి. 'పిండిని కన్నడంలో ఏమంటారు?' అని అడగండి. 'హిట్టు' అంటాడు. తమిళం చదివే పిల్ల 'మావు' అంటుంది. మన వెన్న కన్నడంలో బెణ్ణె, తమిళంలో వెణ్ణెయ్. మూడూ అక్కచెల్లెళ్ళని విన్నవారికే తెలుస్తోంది. ఒడియాలో అది లహుణి, మరాఠీలో లోణీ. అవి రెండూ మరో ఇంటి అక్కచెల్లెళ్ళు. ఉప్పు మాత్రం తెలుగులోనూ కన్నడంలోనూ తమిళంలోనూ ఉప్పే. రెండు భాషల ఇంట్లో పెరిగే పిల్లలకు దొరికే సంపద ఇది. మనం ఎత్తి చూపిస్తేనే వారికి కనబడుతుంది.

పని కూడా వయసును బట్టి పంచండి. అయిదారేళ్ళ వాళ్ళు మూతతో గుండ్రాలు కోస్తారు, ఫోర్కుతో పొడుస్తారు. ఎనిమిది తొమ్మిదేళ్ళ వాళ్ళు జల్లించి, చిదుముతారు. పెద్ద తరగతుల వాళ్ళకు లెక్క అప్పగించండి. '250 గ్రాముల మైదాకు 110 గ్రాముల వెన్న అయితే, అరకిలోకు ఎంత?' ఆడపిల్లలకు మాత్రమే అప్పజెప్పవలసిన పని కాదిది. మగపిల్లలు కూడా పిండిలో చెయ్యి పెట్టాలి. ఇంట్లో నానమ్మో అమ్మమ్మో ఉంటే, పదును సరిపోయిందో లేదో చెప్పే పెద్దరికం ఆమెకు ఇవ్వండి. పదును అన్న మాటను ఆమె నోటివెంట వినిపించండి.

ఇక దించే వేళయింది. అంచులు లేత బంగారు రంగు తిరిగితే చాలు. తీయగానే వేలితో నొక్కి చూస్తే మెత్తగా ఉంటాయి. ఉడకలేదేమో అని మళ్ళీ పెట్టవద్దు, మాడిపోతాయి. వెన్న, పంచదార చల్లారి గట్టిపడితేనే కరకర వస్తుంది. పళ్ళెంలోనే అయిదు నిమిషాలు ఉంచి, తర్వాత జల్లెడ మీదో తీగల స్టాండు మీదో ఆరనివ్వండి. పూర్తిగా చల్లారాకే గాలి చొరని డబ్బాలో పెట్టండి. వారం రోజులు బాగుంటాయి.

ఏమైనా తేడా వస్తే కారణం ఇలా పట్టుకోవచ్చు. రాయిలా గట్టిగా వస్తే, పిండి ఎక్కువగా పిసికారన్నమాట, లేదా తడి ఎక్కువైంది. ఎత్తుతుంటేనే విరిగిపోతే, వెన్న ఎక్కువైంది, లేదా పెరుగు చాలలేదు. సబ్బు వాసన, చేదు ఉంటే, బేకింగ్ పౌడరుకు బదులు వంట సోడా అంతే కొలతలో పడింది. సోడా దానికన్నా చాలా ఘాటు. నాలుగు రోజులకు మెత్తబడితే, 150 డిగ్రీల దగ్గరో, సన్నని సెగ మీదో అయిదారు నిమిషాలు మళ్ళీ వేడి చేసి ఆరనివ్వండి. బిస్కెట్టు అన్న మాటకు అర్థం రెండుసార్లు కాల్చినదనే కదా!

మా కోలారు వైపు రాగిపిండి లేని ఇల్లుండదు. 250 గ్రాముల మైదాలో 75 గ్రాములు తగ్గించి, ఆ మేరకు రాగిపిండి వేసుకోవచ్చు. రాగిలో గ్లూటెన్ లేదు కాబట్టి అంచులు కాస్త పగులుతాయి. పెరుగు ఒక చెంచా ఎక్కువ వేసి, కొంచెం మందంగా ఒత్తుకోండి. ఒడిశా, యానాం వైపు వారు మిర్చి, కరివేపాకులకు బదులు వాము, మిరియాల పొడి వేసి చూడండి. అదీ బాగుంటుంది.

ఉప్పు, కొవ్వు సంగతి దాచకుండా చెప్పుకుందాం. పెద్దవాళ్ళు రోజుకు 5 గ్రాముల కన్నా తక్కువ ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. మనం వేసిన చెంచా ఉప్పు దాదాపు 5 గ్రాములు. అది నలభై బిస్కెట్లలో పంచుకుంది. నాలుగు తింటే అర గ్రాము, అంటే రోజు మొత్తానికి ఉన్న హద్దులో పదో వంతు. ఆ నాలుగింటిలోనే 11 గ్రాముల వెన్న కూడా ఉంది. కాబట్టి టీతో పాటు రెండు మూడు చాలు. రక్తపోటు ఉన్నవారు ఉప్పు సగం చేసుకుని, జీలకర్ర, మిర్చి కాస్త పెంచుకోండి, చప్పగా అనిపించదు.

వచ్చే ఆదివారం మధ్యాహ్నం ఒక గంటన్నర ఈ పనికి కేటాయించండి. టీవీ కట్టేయండి, ఫోను అవతలి గదిలో పెట్టండి. పిల్లలను పిలిచి చేతులు కడుక్కోమనండి. మొదటిసారి గుండ్రాలు వంకరటింకరగా వస్తాయి, పిండి నేల మీద పడుతుంది. పడనివ్వండి. పని జరిగినంతసేపూ వారితో తెలుగులో మాట్లాడుతూ ఉండండి, వారు ఏ భాషలో జవాబు చెప్పినా కోప్పడకండి. రెండో వారానికో మూడో వారానికో 'అమ్మా, ఈసారి గుల్లగా వచ్చాయి' అని వారే అంటారు. అప్పుడు ఒక డబ్బాలో నాలుగు బిస్కెట్లు వేసి పక్కింటికి పంపండి. పట్టుకెళ్ళిన పిల్లలు, అందులో ఏమేం వేశారో ఆ ఇంటివారి భాషలో చెప్పి రావాలి సుమా.